పలాస జీడిపప్పు: ఏ పిక్క ఎక్కడిది? రుచి ఏమిటి?

పలాస-కాశీబుగ్గ నుంచి బయటి మార్కెట్లకు వెళ్లే జీడిపప్పు అంతా ఉద్దానం తోటల్లో కాసింది కాదు. స్థానిక వర్తకులకు ఇది పాత సంగతే. దూరపు ఊళ్లలో కూర్చుని నమూనా చూసి బేరం ముగించేవారికే ఈ తేడా ఇంకా పట్టుబడలేదు. పలాస అన్న పేరుకు కిలోకు నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టేవారు అవి దేనికి పెడుతున్నారో తెలుసుకోవడం అవసరం.

పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి ప్రాంతాల పిక్క మార్చి నుంచి మే వరకు వస్తుంది. తోటకూ ఫ్యాక్టరీకీ దూరం తక్కువ గనుక ఎండబెట్టిన పిక్క త్వరగా కొట్టుడుకు చేరుతుంది. ఈ పప్పుకున్న తీపి, నమిలినప్పుడు వచ్చే పాల రుచి చాలావరకు ఆ తాజాదనం చలవే. లోపం సైజులో ఉంది. విత్తనంతో పెరిగిన పాత చెట్లు కావడంతో చెట్టుకో తీరు పిక్క, ఒకే బస్తాలో మూడు నాలుగు సైజులు. బాపట్ల పరిశోధన కేంద్రం రూపొందించిన బీపీపీ-8 వంటి అంటు రకాల పిక్క పెద్దది, సుమారు 8 గ్రాములు తూగుతుంది. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల పిక్క సంతల మీదుగా చిన్న చిన్న మూటలుగా దిగుతుంది. రుచికి వంక పెట్టలేము గాని, తడి చూడకుండా తూకం వేయించుకుంటే నష్టం కొన్నవాడిదే.

మూడు నెలల పంటతో ఫ్యాక్టరీ ఏడాది పొడవునా నడవదు. పిక్క కొట్టేవారికి, పొట్టు తీసే ఆడవాళ్లకు పన్నెండు నెలలూ పని ఉండాలి. అందుకే ఐవరీ కోస్ట్, ఘనా, బెనిన్, గినీ బిస్సావ్‌ల సరుకు రేవుల మీదుగా వస్తుంది. పశ్చిమాఫ్రికా పంట ఫిబ్రవరి నుంచి జూన్ వరకు, టాంజానియా పంట అక్టోబర్ తరువాత. 2018 అక్టోబర్ 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలో జీడి, కొబ్బరి చెట్లను కూల్చివేసింది. కొత్తగా నాటిన మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. విదేశీ పిక్క మీద ఆధారం పెరగడానికి అదీ ఒక కారణం.

విదేశీ పిక్కను ఔట్‌టర్న్ మీద కొంటారు. అంటే 80 కిలోల బస్తాకు ఎన్ని పౌన్ల పప్పు దిగుతుందన్న లెక్క. ఐవరీ కోస్ట్ సరుకు సాధారణంగా 46 నుంచి 48 పౌన్లు, గినీ బిస్సావ్ సరుకు 50 పైన. పరీక్ష కష్టమేమీ కాదు. కిలో పిక్క కోసి, మంచి పప్పును పొట్టుతో సహా తూచి, మచ్చ పప్పును సగం బరువుకే లెక్కగట్టి, వచ్చిన గ్రాములను 0.176తో గుణించాలి. 283 గ్రాములు వస్తే ఔట్‌టర్న్ సుమారు 50 పౌన్లు. 48కీ 52కీ మధ్య నాలుగు పౌన్లు, అంటే 1.8 కిలోల పప్పు. పప్పు సగటు ధర కిలో 600 రూపాయలనుకుంటే బస్తాకు సుమారు 1,090 రూపాయల తేడా. బస్తా చౌకగా వచ్చిందని మురిసిపోయేవారు ముందు ఈ గుణకారం చేసుకోవాలి.

ఇక రుచి. ఆఫ్రికా పిక్క స్వతహాగా చప్పనిది కాదు, తాజాగా కొడితే అదీ తియ్యగానే ఉంటుంది. సముద్రంలో కంటైనర్‌లోను, ఇక్కడ గోదాములోను నెలల తరబడి ఉన్న సరుకుకు తీపి తగ్గి, తడి తగిలితే బూజు వాసన, పాతబడితే చేదు వస్తాయి. పప్పులో దాదాపు సగం నూనే మరి. కాల్చి కొట్టిన పప్పుకు కాస్త ఎర్రచాయ, కమ్మని వాసన ఉంటాయి. ఆవిరి మీద ఉడికించి కొట్టినది తెల్లగా వస్తుంది. తెలుపును చూసి పలాస పిక్కేనని తీర్మానించరాదు. డబ్ల్యూ-320 అంటే పౌనుకు 300 నుంచి 320 గుండు పప్పులు అని మాత్రమే అర్థం. అది ఏ దేశపు చెట్టున కాసిందో ఆ అంకె చెప్పదు.

కలపడం తప్పు కాదు. ఫ్రాన్స్‌లో బోర్డో ప్రాంతపు ఎర్ర వైన్ సాధారణంగా కలుపుడు సరుకే. కాబెర్నే సావిన్యాన్ ద్రాక్ష వగరును మెర్లో మెత్తదనంతో సరిచేస్తారు, ఒక రకం దెబ్బతిన్న ఏడాది రెండోది ఆదుకుంటుంది. అయితే ప్రాంతం వెలుపలి ద్రాక్ష కలిపితే సీసాపై ఆ పేరు వేయడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. ఇక్కడి డబ్బా మీద పలాస అని ఉంటే అది పిక్క కాసిన చోటో, కొట్టిన చోటో కొనేవారికి తెలియదు. నష్టపోయేది ముందుగా రైతు. 2023లో ఉద్దానం రైతులు బస్తాకు 16,000 రూపాయలు ఇప్పించాలని ఆందోళనకు దిగినప్పుడు విదేశీ పిక్క దిగుమతి మీదా అభ్యంతరం చెప్పారు. ఫ్యాక్టరీ లెక్క ఫ్యాక్టరీది. కాని తన పిక్క రుచితో వచ్చిన పేరు మీద వేరొకరి పిక్క అమ్ముడవుతుంటే రైతు అడగకుండా ఎలా ఉంటాడు?

కొనుగోలుదారు బేరంలోనే "లోకలా, ఫారినా, కలుపుడా" అని అడిగి చీటీలో రాయించుకోవచ్చు. 10 కిలోల డబ్బా అయితే నమూనాను పైనుంచి గాక అడుగు నుంచి తీయాలి. నాలుగు పప్పులు నమిలి కొంచెం ఆగాలి. పాత సరుకు చేదు మొదటి కొరుకులో తెలియదు, మింగిన తరువాత గొంతులో తెలుస్తుంది.