అద్దె ఇల్లు: ఆదాయం, అపాయం

“ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు” అన్నది పెద్దల మాట. నివాసానికి ఇల్లు కట్టడమే ఇంత కష్టమైతే, అద్దె రాబడి కోసం ఇల్లు కొనడానికి మరింత ముందుచూపు అవసరం. ఉద్యోగ విరమణ నాడు చేతికందిన భవిష్యనిధినంతా ఇటువంటి ఇంటిపై వెచ్చించే కుటుంబాలున్నాయి. ఆ లెక్క తప్పితే వృద్ధాప్యానికి ఆసరా లేకుండా పోతుంది. కనుక కొనుటకు ముందే లాభనష్టాలను అంచనా వేయడం నేర్చుకోవాలి.

మొదట విచారించవలసినది, అద్దెకు ఎవరు వస్తారు, ఎందుకు వస్తారు అన్నది. వరంగల్, హనుమకొండ, కాజీపేటలు కలిసిన త్రినగరినే చూడండి. ఇక్కడ 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల, కాకతీయ వైద్య కళాశాల, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. తరువాత మరెన్నో కళాశాలలు వెలిశాయి. చదువుకై వచ్చే విద్యార్థులు గదులు అద్దెకు తీసుకుంటారు. ఈ విధంగా విద్య ఇక్కడి గృహ యజమానులకు ఒక ముఖ్యాధారమైంది.

అయితే ఒకే ఆధారంపై నిలిచిన ఆదాయం ఒంటిస్తంభపు మేడ వంటిది. 2020 మార్చిలో కరోనా కారణంగా విద్యాసంస్థలు మూతపడగా విద్యార్థులు స్వగ్రామాలకు మరలిపోయారు. అదే సంవత్సరం ఆగస్టులో భారీ వర్షాలకు నగరంలోని పల్లపు కాలనీలు జలమయమయ్యాయి. మొదటిది గిరాకీకి కలిగిన అపాయం. రెండవది స్థలం వల్ల కలిగిన అపాయం. కనుక వేసవి సెలవులలో ఎన్ని గదులు ఖాళీగా ఉంటాయో, వాననీరు ఎటు పారుతుందో ఇరుగుపొరుగును అడిగి తెలుసుకోవాలి.

ఇక గణితం. 50 లక్షల రూపాయల ఇంటికి నెలకు 15,000 రూపాయల అద్దె వస్తుందనుకుందాం. ఏడాదికి 1,80,000; అనగా 3.6 శాతం. కాని ఇది పైకి కనిపించే లెక్క మాత్రమే. రాబోయే కాలాన్ని ఉత్తమ, మధ్యమ, అధమ పక్షాలుగా ఊహించాలి. ఉత్తమ పక్షంలో ఇల్లు ఏడాదంతా నిండి ఉంటుంది; పన్నులు, మరమ్మతులకు 25,000 పోగా 1,55,000 మిగులుతుంది. ఇది 3.1 శాతం. మధ్యమ పక్షంలో రెండు నెలలు ఖాళీ, ఖర్చు 30,000. మిగులు 1,20,000, అనగా 2.4 శాతం. అధమ పక్షంలో ఆరు నెలలు ఖాళీ, ఖర్చు 40,000. మిగులు 50,000, కేవలం 1 శాతం.

ఇందులో 20 లక్షలు 9 శాతం వడ్డీకి తెచ్చిన అప్పయితే, తొలి ఏడాది వడ్డీయే సుమారు 1,80,000. ఉత్తమ పక్షంలోనూ అద్దె ఆ వడ్డీకి చాలదు. “స్థలం ధర పెరుగుతుంది కదా!” అని కొందరంటారు. పెరగవచ్చు, కాని ఇల్లు అమ్మిన నాడే ఆ లాభం చేతికి వస్తుంది. అంతవరకు దానిని ఆదాయంగా లెక్కించడం, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్లుంటుంది.

భవిష్యత్తును ఎవరూ చూడలేరు. అయినా అధమ పక్షాన్ని తట్టుకోగలమా అని ముందుగా ప్రశ్నించుకోవడం అందరికీ సాధ్యమే. తట్టుకోగలిగినవారే ఆ ఇంటిని కొనాలి.

అర్థాలు
అపాయం = ప్రమాదం
ఆసరా = ఆధారం
పల్లపు = లోతట్టు
మరలిపోవు = తిరిగి వెళ్లు

వ్యాకరణం
ముఖ్యాధారం = ముఖ్య + ఆధారం: సవర్ణదీర్ఘ సంధి
లాభనష్టాలు = లాభమును, నష్టమును: ద్వంద్వ సమాసం

ప్రశ్నలు
1. ఒకే ఆధారంపై నిలిచిన ఆదాయాన్ని ఒంటిస్తంభపు మేడతో ఎందుకు పోల్చారు?
2. మీ ఊరిలోని ఒక అద్దె ఇంటికి మూడు పక్షాల లెక్క వేసి వివరించండి.