రెండు నెట్ కనెక్షన్లు ఉన్నా నెట్ పోయిందా? తప్పు ఇక్కడ ఉండొచ్చు

పోయిన కార్తీకంలో ఓ రాత్రి గాలివానకి, అలిపిరి దగ్గర మా వీధిలో చెట్టుకొమ్మ విరిగి కరెంటు స్తంభం మీద పడింది. నేనేమో ప్రొడక్షన్ రిలీజ్ మధ్యలో ఉన్నా. ఇన్వర్టర్ ఉంది, రెండు కంపెనీల ఫైబర్ ఉంది, ఇంకేం భయం అనుకున్నా. తీరా చూస్తే రెండు మోడెమ్‌లలోనూ ఎల్ఓఎస్ లైట్ ఎర్రగా వెలుగుతోంది. రెండు కేబుళ్లూ ఆ ఒక్క స్తంభం మీదుగానే వస్తున్నాయి మరి! ఫోన్ హాట్‌స్పాట్‌తో ఎలాగో గట్టెక్కాను. రెండు బిల్లులు కట్టి నేర్చుకున్న పాఠం ఇదే: రెండు కనెక్షన్లు చాలవు, రెండు దారులు ఉండాలి.

లెక్క చూడండి

ఒక కనెక్షన్ 99 శాతం సమయం పనిచేస్తుందనుకుందాం. అంటే ఏడాదిలో దాదాపు 88 గంటలు నెట్ ఉండదు. అలాంటివి రెండు, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఉంటే, రెండూ ఒకేసారి పోయేది ఏడాదికి సుమారు 53 నిమిషాలే. స్తంభం ఒకటే అయితే ఈ లెక్క చెల్లదు.

ఏది తీసుకోవాలి?

మొదటిది ఫైబర్. రెండోది గాల్లో వచ్చేది: 5జీ ఎయిర్‌ఫైబర్ లేదా సిమ్ వేసే 4జీ రౌటర్. ఫైబర్ ఇచ్చే కంపెనీది కాకుండా వేరే కంపెనీది చూసుకోండి.

రౌటర్ సెట్టింగ్

రెండు నెట్ లైన్లు పెట్టుకునే డ్యూయల్ వాన్ రౌటర్ కావాలి. ఉదాహరణకి టీపీ-లింక్ ఈఆర్605. దీంట్లో వైఫై ఉండదు, పాత రౌటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా వాడుకోండి.

లోడ్ బ్యాలెన్సింగ్ ఆపి, ఫెయిలోవర్ పెట్టుకోండి. రెండు లైన్లూ ఒకేసారి వాడితే ఐపీ మారిపోయి కొన్ని బ్యాంకు సైట్లు లాగౌట్ చేసేస్తాయి.

ఆన్‌లైన్ డిటెక్షన్ మర్చిపోవద్దు. బయట ఫైబర్ తెగినా, మోడెమ్ నుంచి రౌటర్‌కి వచ్చే కేబుల్ బాగానే ఉంటుంది కాబట్టి లింక్ ఉన్నట్టే కనిపిస్తుంది. 8.8.8.8 లాంటి అడ్రస్‌కి పింగ్ వెళ్తోందా లేదా రౌటర్ చూసుకునేలా పెట్టండి.

లైన్ మారినప్పుడు ఐపీ మారుతుంది. వీపీఎన్, వీడియో కాల్ ఒక్కసారి తెగి మళ్లీ కలుస్తాయి, కంగారు పడకండి. మోడెమ్‌లు, రౌటర్, యాక్సెస్ పాయింట్ అన్నీ యూపీఎస్ మీదే ఉండాలి.

చివరిగా టెస్ట్

రౌటర్ కేబుల్ పీకి చూస్తే అది సగం టెస్టే. మోడెమ్ వెనక ఫైబర్ కనెక్టర్ మెల్లగా తీయండి. దాని కొనని ముట్టుకోకండి, లోపలికి చూడకండి. ఓ నిమిషంలో నెట్ తిరిగొస్తే మీ బ్యాకప్ పనిచేస్తున్నట్టే. ఆ తర్వాత వీధిలోకెళ్లి మీ కేబుల్ ఏ స్తంభం మీదుగా వస్తోందో కూడా ఓసారి చూసి రండి.