శుక్రుని దాటు – మన గడియారం

1980 ఫిబ్రవరి 16, సూర్యగ్రహణం. కమలాపురంలో మా వీధి వీధంతా తలుపులు బిగించుకొని కూర్చుంది. అమ్మ ఊరగాయ జాడీల మీద దర్భలు వేసింది. నన్ను వాకిట్లోకి పోనీలేదు. అదే మధ్యాహ్నం ఉస్మానియా వారి జపాల్-రంగాపూర్ పరిశీలనాలయం దగ్గరా, పాలెంలోనూ దేశవిదేశాల శాస్త్రజ్ఞులు సంపూర్ణ గ్రహణాన్ని కొలుస్తున్నారని చాలా ఏళ్లకు గాని నాకు తెలియలేదు. మనకు పాక్షికమే అయినా ఆ కబురు మా వీధి దాకా రాలేదు.

ఆ కబురు చేర్చడం కూడా తన పనే అనుకున్నవాడు మద్రాసు పరిశీలనాలయంలోని చింతామణి రఘునాథాచారి. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటబోతున్నాడని, జనం కోసం ముందే ఒక చిన్న పుస్తకం రాసి ఇంగ్లీషులోనూ, కన్నడం, ఉర్దూ వంటి భాషల్లోనూ వేయించారు. దాన్ని సంభాషణగా నడిపి, అందులో సిద్ధాంతికీ చోటిచ్చారు. ఈ పద్ధతి నాకెంతో నచ్చింది. పంచాంగం గుణించేవాణ్ణి వెక్కిరిస్తే వాడు మన మాట వింటాడా? ఆ రోజు విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావు తమ పరిశీలనాలయం నుంచి ఈ దాటును చూశారు.

ఇంతకూ ఆ నల్లచుక్కతో ఏం పని? మిత్రులారా, బొటనవేలు ముందుకు చాచి ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి చూడండి. వేలు జరిగినట్టుంటుంది. సిద్ధాంతులు లంబనం అనేది ఇదే. భూమి మీద దూరదూరంగా ఉన్న ఇద్దరికి శుక్రుడు సూర్యుని అంచును ఒకే క్షణాన తాకడు, నిమిషాల తేడా వస్తుంది. ఆ ఇద్దరి మధ్య దూరం తెలుసు. గ్రహాల దూరాల నిష్పత్తి కెప్లర్ సూత్రం ఇస్తుంది. ఇక మిగిలింది లెక్కే, సూర్యుని దూరం తేలుతుంది. చిక్కల్లా అంచు తాకే వేళ చుక్క బొట్టులా సాగి, సరైన సెకను దొరకనివ్వదు. అందుకే ఎంతమంది చూస్తే అంత మంచిది.

2004 జూన్ 8న ఇదే మళ్లీ జరిగింది. జర్మనీలో కేంద్రమున్న యూరోపియన్ సదరన్ అబ్జర్వేటరీ, పారిస్ అబ్జర్వేటరీలోని ఖగోళ యాంత్రిక సంస్థ, చెక్ దేశపు ఒండ్రెయోవ్ అబ్జర్వేటరీ, యూరపు ఖగోళ ఉపాధ్యాయుల సంఘం కలిసి, బడిపిల్లలనూ, సామాన్యులనూ తాకిన వేళ రాసి పంపమన్నాయి. 4,550 వేళలు చేరాయి. వాటితో వచ్చిన దూరం 14,96,08,708 కిలోమీటర్లు. అసలు దానికి తేడా పదకొండు వేల కిలోమీటర్లకు లోపే! కోట్ల మీద అదొక లెక్కా?

ఆ రోజు దాటు మొదలు నుంచి చివరిదాకా మన ఆకాశంలోనే జరిగింది. వెల్డింగు అద్దంతో నేనూ చూసి వేళ రాసుకున్నాను. సాయంత్రం రేడియో వార్తలకు సరిచూసుకుంటే నా చేతిగడియారం రెండు నిమిషాలు ముందుంది! ఎంత ముందుందో అప్పుడే తెలిసింది గాని, పగలంతా అది ఎట్లా నడిచిందో ఎవరు చెప్పగలరు? ఆ కాగితం ఎవరికీ పంపలేదు.

2012 జూన్ 6న మాత్రం ముందురాత్రే గడియారం సరిచేసి, పిల్లలతో పాపాఘ్ని గట్టుకు పోయాను. బైనాక్యులర్ గుండా అట్ట మీద బింబం పడనిచ్చాం. పది దాటాక చుక్క అంచు వదిలేటప్పుడు ఒకడు సెకన్లు లెక్కపెట్టాడు, ఇంకొకడు రాశాడు. ఇద్దరి వేళల మధ్య పదకొండు సెకన్ల తేడా వచ్చింది, కొట్టుకున్నంత పని చేశారు. మళ్లీ ఈ దాటు 2117 డిసెంబరులోనే.