ఇల్లు మాఱునపుడు

పుట్టిన యింటనే జీవితమంతయు గడపువారు నేడు కొలదిమందియే కలరు. ఉద్యోగములో బదిలీ యగుట, పిల్లల చదువు, వ్యాపారము, పనికొఱకు పట్టణము చేరవలసి వచ్చుట మొదలగు కారణములచే కుటుంబములు ఒక యూరినుండి వేఱొక యూరికిని, ఒక యింటినుండి వేఱొక యింటికిని తరలుచున్నవి. అద్దె యిండ్లలో నుండువారికి ఇది తఱుచుగా కలుగు ననుభవము.

తరలు దినము సమీపించినపుడే మన యింట నెన్ని వస్తువులున్నవో మనకు తెలియును. అటకమీదినుండి దింపినకొలదియు సామగ్రి బయటపడుచునే యుండును. పిడి యూడిన గొడుగు, మూత దొరకని డబ్బా, కాలు విఱిగిన కుర్చీ, చెవి పోయిన తాళము, ఏ తాళమునకు చెందినదో తెలియని తాళపుచెవి, పదియేండ్లనాటి పంచాంగము, ఎన్నడో పాడయిన రేడియో - ఇవి యన్నియు వరుసగా నేలమీదికి దిగును. "ఇది మన యింట నున్నదా!" యని యింటివారే యాశ్చర్యపడుదురు.

ఇన్ని వస్తువులేల పేరుకొనును? మూడు కారణములు కనబడుచున్నవి. మొదటిది, "ఎప్పటికైన పనికివచ్చును" అను నాశ. రెండవది, ఆ వస్తువు నిచ్చినవారిపైనగాని, దానిని వాడినవారిపైనగాని మనకు గల మమకారము. మూడవది కేవలము మఱపు. వీనిలో మొదటిదానిని పరీక్షింపవలెను, రెండవదానిని గౌరవింపవలెను, మూడవదానిని వదలించుకొనవలెను.

మన పెద్దలు ఈ విషయము నెఱుగనివారు కారు. సంక్రాంతికి ముందు వచ్చు భోగినాడు తెల్లవారుజామున మంట వేసి, ఇంటనున్న విఱిగిన కఱ్ఱసామానును, పాతచాపలను, అరిగిన చీపురులను అందులో వేయు నాచారము మనకు కలదు. ఏడాది కొకసారియైన ఇల్లు తేలికపడవలెనను గృహనీతి దానియం దిమిడియున్నది. అయితే ఆ కాలపు వస్తువులు కఱ్ఱ, గడ్డి, నార. నేటి యిండ్లలో ప్లాస్టికు, రబ్బరు, రంగు పూసిన కఱ్ఱ పెరిగిపోయినవి. వీనిని కాల్చినచో విషవాయువులు వెలువడును. కావున ఆచారములోని భావమును గ్రహింపవలెనేగాని, చేతికి దొరకిన దెల్ల మంటలో వేయరాదు.

పాతవస్తువును వ్యర్థము చేయకుండుటయు మన యిండ్లకు క్రొత్తకాదు. చినిగిన చీరెలు బొంతలుగా మాఱును. పాతబట్టలు తీసికొని స్టీలు గిన్నెల నిచ్చు స్త్రీలు వీథులలో తిరుగుదురు. "పాత యినుము, పాత కాగితములు" అని కేకవేయుచు వచ్చు వ్యాపారిని ఎఱుగని బాలు రుండరు. మన యింట పనికిరాని యినుము అతనిచేతిమీదుగా కొలిమి చేరి, మఱియొక రూపముతో మరల లోకములోనికి వచ్చుచున్నది. అతడు చేయుపని చిన్నదని తలంపరాదు.

ఇక ఇల్లు మాఱువారు చేయవలసిన పనులను చూతము. ఈ పని బండి వచ్చి వాకిట నిలిచిన నాడు మొదలిడరాదు. కనీసము నెలదినములు ముందుగా ఆరంభింపవలెను. తొందరలో మనుష్యుడు అమ్మదగినదానిని పాఱవేయును. పాఱవేయదగినదానిని కూలి యిచ్చి మోయించుకొనిపోవును. ప్రతిదినము ఒక గదినో, ఒక బీరువానో, ఒక అటకనో తీసికొని వస్తువులను నాలుగు భాగములు చేయవలెను. తీసికొనిపోవలసినవి, అమ్మవలసినవి, ఇతరుల కీయవలసినవి, పాఱవేయవలసినవి - ఇవి యా నాలుగు. నిర్ణయము తోచనివానిని ఒక పెట్టెలో నుంచి, చివరి వారమున మరల చూడవచ్చును.

క్రొత్త యింటి గదుల పొడవు వెడల్పులను, గుమ్మముల కొలతలను ముందుగా వ్రాసికొనుట మంచిది. తాతలనాటి పందిరిమంచము గుమ్మము పట్టదని అక్కడికి చేరిన తరువాత తెలిసికొనుటవలన ప్రయోజనము లేదు. ఒక వస్తువును తరలించుటకగు ఖర్చు దాని వెలకంటె నెక్కువైనచో, దానిపై మమకారమున్నదో లేదో మాత్రమే విచారింపవలసి యుండును.

అమ్మకమున కొంత తెలివి కావలెను. రాగి, ఇత్తడి, కంచు అన్నియు నొకటి కావు. రాగికి తుత్తునాగము కలిపిన ఇత్తడి యగును. తగరము కలిపిన కంచు అగును. వీని వెలలు వేఱువేఱు. అన్నిటిని ఒక గోనెలో వేసి తూచినచో తక్కువ వెలయే లభించును. కావున లోహములను వేఱుపఱచి, వార్తాపత్రికలను వ్రాతపుస్తకములతో కలుపక కట్టలు కట్టి, ఇద్దరు ముగ్గురు వర్తకులను వెల యడిగి తెలిసికొనవలెను.

తూకమును కన్నులార చూడవలెను. పూర్వము వీసెలు, మణుగులు వాడుకలో నుండెను. 1958వ సంవత్సరము అక్టోబరునుండి మన దేశమున మెట్రిక్ తూనికలు క్రమముగా ప్రవేశపెట్టబడినవి. నేడు అమలులోనున్న 2009వ సంవత్సరపు తూనికలు, కొలతల చట్టము ప్రకారము, వర్తకములో వాడు తూకపురాళ్లను, త్రాసులను అధికారులు పరీక్షించి ముద్ర వేయవలెను. సరకు పెట్టకముందు త్రాసు సున్నవద్ద నిలిచినదో లేదో చూచుట కొనువానిని అవమానించుట కాదు; అది యిరువురకును మేలు.

అట్లే అమ్మువానికిని ఒక ధర్మము కలదు. వస్తువులోని లోపమును దాచరాదు. పంకా తిరుగునుగాని వేసవిలో కొంతసేపటికి వేడెక్కునని మనకు తెలిసియుండి, "క్రొత్తదానితో సమానము" అని చెప్పుట మోసమే. పాతవస్తువును కొనువాడు తఱుచుగా క్రొత్తదానిని కొనలేనివాడు. అతని నూఱు రూపాయలు మన నూఱు రూపాయలకంటె బరువైనవి.

మోటారు సైకిలు, కారు మొదలగు వాహనములను అమ్మునపుడు డబ్బు పుచ్చుకొనినంతమాత్రమున పని ముగియదు. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ప్రకారము, అదే రాష్ట్రమున నమోదైన వాహనము చేతులు మాఱినచో, అమ్మినవాడు 14 దినములలో ఆ సంగతిని రవాణా అధికారులకు తెలుపవలెను. కొనినవాడు 30 దినములలో తెలుపవలెను. ఇట్లు చేయనిచో ఆ వాహనము కాగితములలో పాత యజమానిపేరనే యుండి, తరువాత జరుగు ప్రమాదములకును, తగవులకును అతడు సమాధానము చెప్పుకొనవలసి రావచ్చును.

పాడయిన టెలివిజనులు, కంప్యూటరులు, సెల్‌ఫోనులు చెత్తకుప్పలో వేయదగినవి కావు. వీనిలో సీసము, పాదరసమువంటి హానికర పదార్థము లుండును. తీగెలను కాల్చి రాగి తీయువారు ఆ పొగను పీల్చి రోగగ్రస్తు లగుదురు. ఇట్టి వస్తువుల విషయమై ప్రభుత్వము చేసిన 2022వ సంవత్సరపు నియమములు 2023 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినవి. వీనిని అనుమతి పొందిన సంస్థలకే అప్పగింపవలెను. పనిచేయు ఫోనును అమ్మునపుడు అందులోని ఛాయాచిత్రములను, ఉత్తరములను, బ్యాంకు వివరములను పూర్తిగా తుడిచివేయవలెను.

వెలకట్టరాని వస్తువులును కొన్ని కలవు. భూమి దస్తావేజులు, పాసుపుస్తకములు, చదువుల యోగ్యతాపత్రములు పాత కాగితముల కట్టలో కలిసిపోకుండ మొదటనే వేఱుగా నుంచవలెను. ఇంట తాళపత్రగ్రంథము లేవైన దొరకినచో, చదువరాకున్నను పాఱవేయరాదు. పందొమ్మిదవ శతాబ్దమున చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ అనేక స్థలములనుండి తెలుగు తాళపత్రప్రతులను సేకరించి, పండితులచే సరిచూపించి మేలుప్రతులు వ్రాయించెను. ఆ ప్రతులు నిలుచుటకు మూలము వానిని పాఱవేయక దాచినవారే. తాళ్లపాక కవుల సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు తిరుమల యాలయములోని యొక చిన్నగదిలో శతాబ్దములకొలది పడియుండెను. ఇరువదవ శతాబ్దమున పండితులు వానిని చదివి ప్రకటించిరి. ఎవరైన ఆ రేకులన్నిటిని రాగి ధరకు తూచియుండినచో అన్నమాచార్యుని పాటలలో ఎన్ని మనకు మిగిలియుండెడివో!

పాత పుస్తకములకు మంచిచోట్లు కలవు. 1918లో స్థాపింపబడిన వేటపాలెము సారస్వత నికేతనము పాత గ్రంథములకును, పత్రికలకును పేరుపొందినది. హైదరాబాదు ఆబిడ్సులో ఆదివారమునాడు కాలిబాటలమీద పాతపుస్తకముల సంత సాగును. అక్కడ ఒకరు వద్దనుకొన్న నిఘంటువు మఱియొకరికి జీవితకాలపు నేస్తమగును.

అన్నిటికంటె ముఖ్యమైన నియమ మొకటి కలదు. మనది కాని వస్తువును, దాని యజమాని నడుగక, అమ్మరాదు, ఈయరాదు, పాఱవేయరాదు. ఇంటిలోని వస్తువులన్నియు ఇంటి పెద్దవే యనుకొనుట పొరపాటు. ఈ విషయము తెలియుటకు ఒక కథ చెప్పుకొందము.

ఒక కుటుంబము పల్లెనుండి పట్టణమునకు తరలుచుండెను. క్రొత్త యిల్లు మూడవ యంతస్తులో నుండెను. పెద్దకుమారుడు పెరటిలోని తిరుగలిని వీథిలోనికి దొర్లించి, "దీనిని మోయలేము. కొనువారును లేరు" అనెను. అతని తల్లి యా సాయంకాలము భోజనము చేయలేదు.

"అమ్మా, అది రాయి కదా! దానికొఱకు బాధపడుదువా?" అని కుమారుడు ప్రశ్నించెను.

"నాయనా, దాని బరువు నీకంటె నాకు బాగుగా తెలియును. ఏబదియేండ్లు దానిని త్రిప్పితిని. దానిని పట్టణమునకు తెమ్మని నేను కోరలేదు. నన్నొక మాట యడిగియుండినచో బాగుండెడిది" అని యామె బదులు చెప్పెను.

కుమారుడు తల వంచుకొని, తిరుగలిని మరల పెరటిలోనికి చేర్చి, "ఇప్పుడు చెప్పుమమ్మా, ఏమి చేయమందువు?" అని యడిగెను. ఆమె కొంతసేపు ఆలోచించి, ఆ వీథిలోనే పప్పులు విసరి అమ్ముకొను నొక పేదరాలిని పిలిపించి, దాని నామె కిచ్చెను. ఆ రాత్రి తల్లి తృప్తిగా భుజించెను. వస్తువు ఇల్లు విడిచిపోవుట రెండు విధములను సమానమే. కాని మొదటి విధమున ఆమె ఏబదియేండ్ల కష్టము వీథిపాలైనది. రెండవ విధమున అది మఱియొక యింటికి జీవనాధారమైనది.

వస్తువులను విడుచుట ఎంత కష్టమో గాంధీమహాత్ముని జీవితములోని యొక ఘట్టము తెలుపుచున్నది. 1901లో ఆయన దక్షిణాఫ్రికానుండి స్వదేశమునకు బయలుదేరునపుడు, అచ్చటి భారతీయులు బంగారు గొలుసులు, గడియారములు, వజ్రపుటుంగరములు కానుకలుగా నిచ్చిరి. కస్తూరిబాకు ప్రత్యేకముగా ఏబది గినీల విలువగల కంఠాభరణము నిచ్చిరి. ప్రజాసేవకు ప్రతిఫలము గైకొనవచ్చునా యని గాంధీ ఆ రాత్రి నిద్రలేక ఆలోచించి, వానిని తిరిగి ప్రజలకే యప్పగింప నిశ్చయించెను. కుమారులు వెంటనే సమ్మతించిరి. కస్తూరిబా సమ్మతింపలేదు. రేపు రాబోవు కోడండ్రకు నగలు వలదా యనియు, తన కిచ్చినదానిని త్యజించు హక్కు భర్తకెక్కడిదనియు ఆమె వాదించెను. తుదకు నగలన్నియు, 1896లో వచ్చిన కానుకలతోకూడ, ప్రజాసేవార్థము ఒక ధర్మనిధిగా బ్యాంకులో ఉంచబడినవి. పారశీ రుస్తుంజీ మొదలగువారు ధర్మకర్తలైరి.

ఈ కథలో గాంధీ త్యాగమును మనము కొనియాడుదుము. కాని కస్తూరిబా యడిగిన ప్రశ్నయు ఆలోచింపదగినదే. తనది విడుచుట త్యాగము. ఇతరులది విడువుమనునపుడు వారి మాటను వినుట న్యాయము. కుటుంబమున ఈ రెండును కావలెను.

తుదకు బండి కదలు దినము వచ్చును. సామాను తేలికపడినందున ఖర్చును తగ్గును, విఱుగుటయు తగ్గును. అయినను పాత యింట నొక పని మిగిలియుండును. గోడల మేకులను తీసి, గదులను ఊడ్చి, పెరటిలోని చెత్తను తొలగించి, బావిగిలకనో కుళాయినో సరిచూచి, తాళపుచెవిని యజమానికి చేతి కీయవలెను. క్రొత్త యింట మనము పాలు పొంగించు నాడు, మనము విడిచిన యింటిలోను ఎవరో పాలు పొంగింతురు. వారికి మన చెత్తను మిగుల్చక శుభ్రమైన గదులను మిగుల్చుటయే మంచి కాపురస్థుని లక్షణము.

ప్రశ్నలు

1. ఇంట వస్తువులు పేరుకొనుటకు కారణము లేవి?
2. లోహపు సామానును వేఱుపఱచి యమ్మవలెననుటకు హేతువేమి?
3. తిరుగలి విషయమున తల్లి బాధకు కారణమేమి? నీ మాటలలో వ్రాయుము.
4. కస్తూరిబా వాదమును గూర్చి నీ యభిప్రాయమేమి?