మంచులో పడుకునే కుక్కకు చలి వేయదా?

ప్రశ్న: మినియాపొలిస్‌లో ఉంటున్నాం. మా న్యూఫౌండ్‌లాండ్ కుక్క మైనస్ 15 డిగ్రీల్లోనూ పెరట్లో మంచు మీదే పడుకుంటోంది. లోపలికి లాక్కురావాలా?

జవాబు: అక్కర్లేదండీ, కానీ ఓ కన్నేసి ఉంచండి. వీపు మీద పడ్డ మంచు కరగకుండా ఉందంటే ఒంటి వేడి బయటికి పోవడం లేదన్నమాట. పైన జిడ్డుగా ఉండే ముతక వెంట్రుకలు నీటిని ఆపుతాయి; కింది మెత్తటి బొచ్చులో చిక్కిన గాలే అసలు దుప్పటి. పైగా ఒళ్లు పెద్దదైనకొద్దీ బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం తగ్గుతుంది, వేడి నష్టమూ తగ్గుతుంది. మరి అరికాళ్లకు బొచ్చు లేదుగా అంటారా? అక్కడికి వెళ్లే వెచ్చటి రక్తం, పక్కనే ఉన్న నాళాల్లో తిరిగొచ్చే చల్లటి రక్తాన్ని వేడెక్కిస్తుంది. జపాన్ పరిశోధకులు ఈ ఏర్పాటును వివరంగా చూపించారు.

అయితే ఇదంతా పొడి బొచ్చు మాట. తడిసినా, ముడులు పడి అట్టకట్టినా అందులో గాలి నిలవదు; ఈదురుగాలి తోడైతే చెప్పనే అక్కర్లేదు. చలి కోసమే పుట్టిన జాతి కదా అనే వాదన కూనలకు, ముసలివాటికి, కీళ్ల నొప్పులున్నవాటికి చెల్లదు. వణుకుతున్నా, కాలు మార్చి కాలు ఎత్తుతున్నా వెంటనే లోపలికి తెచ్చేయండి. గిన్నెలో నీళ్లు గడ్డకట్టకుండా చూడండి. మంచు నాకితే సరిపోదు. రోడ్ల మీద చల్లే ఉప్పుకు పాదాలు ఒరుసుకుపోతాయి కాబట్టి, నడకనుంచి రాగానే వేళ్ల సందుల్లోని మంచు ఉండలు తీసి గోరువెచ్చటి నీళ్లతో కడగండి.