బల్లపై బంగాళాఖాతము
(నౌకాయుద్ధ క్రీడవలన చరిత్ర నేర్చుకొను విధము)

సముద్రమునకు దూరముగా పెరిగిన విద్యార్థులకు నౌకాయుద్ధముల చరిత్ర నోటికి వచ్చినంత సులభముగా మనస్సునకు రాదు. హబ్సిగూడ, తార్నాక, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంతములలో నివసించు మనకు మిక్కిలి దగ్గరి రేవులలో ఒకటియగు మచిలీపట్టణమే 300 కిలోమీటర్లకు పైగా దూరమున నున్నది. మన కన్నులకు కనబడునవి రాతినేలయు, గుట్టలును, చెరువులును. గాలి ఎదురైనప్పుడు ఓడ ఏల ఆగిపోవునో, లోతు చాలనిచోట పెద్దనౌక ఏల నిస్సహాయమగునో మనము చూచి యెరుగము. కావున పుస్తకమునందు “ఫ్రెంచివారికిని ఆంగ్లేయులకును సముద్రముపై యుద్ధము జరిగెను” అను వాక్యమును చదివి, సంవత్సరమును కంఠస్థముచేసి, పరీక్షలో వ్రాసి మరచిపోవుచున్నాము. ఈ లోపమును తీర్చుటకు ఒక అట్టపలకయు, కొన్ని బిళ్లలును, నాలుగు గవ్వలును చాలునని ఈ వ్యాసమునందు చూపదలచినాము.

యుద్ధమును పలకపైకి తెచ్చుట మనకు క్రొత్తగాదు. చతురంగబలముల పేర పుట్టిన చదరంగము మన దేశపుటాటయే. మన తెలుగువారు ఏనుగని పిలుచు పావును వంగదేశీయులు నౌకయని పిలుతురు. నదులు, కాలువలు నిండిన దేశమువారికి యుద్ధమనగానే పడవ తోచుట సహజమే గదా! మన పల్లెలలో అరుగులమీద గీతలు గీసి ఆడు పులిమేక ఇంకొక విధమైనది. అందు ఇరుపక్షములు సమానములు గావు. పులులు మూడు, మేకలు పదునైదు. పులికి బలము, మేకలకు సంఖ్యయు, కూడికయు. నౌకాయుద్ధమునకు ఈ ఆటయే చదరంగముకన్న దగ్గరి చుట్టమని ముందు తెలియగలదు.

ఐరోపాయందు 1824వ సంవత్సరమున ప్రష్యా సైన్యమునకు రైస్విట్స్ అను అధికారి యుద్ధక్రీడ నొకదానిని సిద్ధపరచెను. 1898లో ఇంగ్లండున ఫ్రెడ్ జేన్ అను నాతడు నౌకాయుద్ధక్రీడను ప్రకటించెను. 1942లో లివర్పూల్ నగరమున గిల్బర్టు రాబర్ట్సు అను నౌకాధికారి పర్యవేక్షణలో నేలపై గళ్లు గీసి, జలాంతర్గాముల పోకడలను సుద్దతో గుర్తించి, అట్లాంటికు యుద్ధమునకు పోవు అధికారులకు పాఠములు చెప్పిరి. ఆ పనిని నడిపినవారిలో ననేకులు యువతులు. అధికారులు తెరల సందులనుండి మాత్రమే ఆ నేలను చూడవలెను. ఏలయన సముద్రముపై నున్నవానికి అంతయు కనబడదు. అచ్చట నేర్చిన యుక్తులు నిజమైన సముద్రముపై నిజమైన ప్రాణములను కాపాడెను. కావున దీనిని పిల్లలాటయని తీసివేయరాదు.

ఇక మన తీరమున జరిగిన యొక యుద్ధమును తీసికొందము. 1804వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన విశాఖపట్టణపు రేవునందు సెంచూరియన్ అను 50 ఫిరంగుల ఆంగ్లేయ యుద్ధనౌకయు, బార్నబీ, ప్రిన్సెస్ షార్లెట్ అను రెండు వర్తకపు ఓడలును లంగరు వేసియుండెను. సెంచూరియన్ నాయకుడగు లిండు అప్పటికి ఒడ్డున నుండెను. నౌక ఫిలిప్సు అను ఉపనాయకుని వశమున నుండెను. అట్టి సమయమున ఫ్రెంచి నౌకాధిపతియగు లినోయి మూడు నౌకలతో వచ్చెను. అందు మరెంగో 74 ఫిరంగులది. అటలాంట్, సెమియాంట్ అనునవి ఫ్రిగేటులను తేలికనౌకలు. బార్నబీ ఒడ్డునకు కొట్టుకొనిపోయి పగిలెను. ప్రిన్సెస్ షార్లెట్ లొంగిపోయెను. సెంచూరియన్ తెరచాపలును, త్రాళ్లును చీలికలై తీరమువైపు జరిగి, లోతు తక్కువ నీటిలో మరల లంగరు వేసి పోరాడెను. లిండు యుద్ధమధ్యమున పడవపై వచ్చి తన నౌక నెక్కెను. మరెంగోకు లోతైన నీరు కావలెను గనుక అది దగ్గరకు చేరజాలకపోయెను. తుదకు లినోయి చిక్కిన వర్తకపు ఓడను మాత్రము తీసికొని వెడలిపోయెను.

ఇంతవరకు చదివిన విద్యార్థి “మూడు నౌకలుండి ఒక్కదానిని పట్టలేకపోయెనే, ఎంతటి పిరికివాడు!” అనును. అదే సంవత్సరము ఫిబ్రవరిలో పులో ఆరా దీవి యొద్ద చీనానుండి వచ్చు ఆంగ్లేయ వర్తకపు ఓడలు యుద్ధనౌకలవలె జెండాలెత్తి బెదరింపగా లినోయి వాటిని విడిచిపోయెను. దానికి నెపోలియను చక్రవర్తియు ఆతనిని నిందించెను. ఆ తీర్పు న్యాయమగునా కాదా యని తేల్చుటకే మన క్రీడ.

రెండడుగుల పొడవు, పదునారంగుళముల వెడల్పుగల అట్టపై రెండంగుళముల గళ్లు గీయవలెను. ఒక గడి సుమారు 100 కిలోమీటర్లు. నైరృతినుండి ఈశాన్యమునకు ఏటవాలుగా తీరమును గీసి చెన్నపట్టణము, మచిలీపట్టణము, కాకినాడ, విశాఖపట్టణము, కళింగపట్టణములను గుర్తింపవలెను. తీరమునానుకొనిన గళ్లకు పసుపురంగు వేయవలెను. అవి లోతు తక్కువ గళ్లు. ఒక వంతు రెండు దినములు. సెప్టెంబరు మొదటి దినమున ప్రారంభించి ఇరువది వంతులాడవలెను. ఆ కాలమున నైరృతి గాలి వీచును గనుక ఈశాన్యమునకు పోవు నౌక వంతునకు 4 గళ్లును, నైరృతికి పోవునది 1 గడియు, తక్కిన దిక్కులకు పోవునవి 2 గళ్లును జరుగును.

ఒక పక్షమునకు మూడు బిళ్లలు: మరెంగో బలము 7, ఫ్రిగేటుల బలము ఒక్కొక్కటి 4. రెండవ పక్షమునకు 5 బలముగల కావలినౌక యొకటియు, ఒక్కొక్కటి 2 బలముగల వర్తకపు ఓడలు ఆరును. ఇవి కళింగపట్టణమునుండి చెన్నపట్టణమునకు చేరవలెను. ఈ ఏడు బిళ్లలను బోర్లించియే నడపవలెను. ఏది కావలినౌకయో, ఏది వర్తకపు ఓడయో ఎదిరికి తెలియరాదు. రెండు బిళ్లలు ఒకే గడిలో కలిసినప్పుడు ఇరువురును నాలుగేసి గవ్వలు వేసి, వెల్లకిలబడినవానిని తమ బలమునకు కలుపుకొనవలెను. తక్కువ వచ్చినవాని బలము సగమగును. గెలిచినవానికిని బలము 1 తగ్గును. సమానమైనచో ఇరువురికిని 1 తగ్గును. వర్తకపు ఓడ ఓడినచో లొంగినట్లే. మరెంగో పసుపు గళ్లలో ప్రవేశింపరాదు. కావలినౌక చెన్నపట్టణమున రెండు వంతులు నిలిచినచో 1 బలము తిరిగివచ్చును. ఫ్రెంచినౌకలకు పలకపై మరమ్మతు లేదు. వారి రేవు మారిషస్ ద్వీపమున నున్నది. ఇరువదవ వంతునకు లోపల దక్షిణపుటంచునుండి వెడలని ఫ్రెంచినౌక పోయినట్లే. ఏలయన అక్టోబరునడుమ గాలి తిరిగినపిమ్మట ఈ తీరము తెరచాపనౌకలకు ప్రమాదకరము. రేవు చేరిన ప్రతి వర్తకపు ఓడకు ఆంగ్లేయ పక్షమునకు 1 గుణము. చిక్కిన ప్రతి ఓడకు ఫ్రెంచి పక్షమునకు 1 గుణము. మరెంగో పోయినచో ఆంగ్లేయులకు 4.

ఈ క్రీడను లినోయి పక్షమున నాడువాడు కొలది వంతులలోనే మూడు సంగతులను గ్రహించును. మొదటిది: గెలిచిన యుద్ధమునందును నష్టము గలదు, మరమ్మతు దూరమైనవానికి ఆ నష్టము తీరదు. రెండవది: బోర్లించిన బిళ్ల భయము కలిగించును; పులో ఆరా యొద్ద జరిగినది అదియే. మూడవది: పసుపు గడిలోని బలహీనుడు లోతు నీటిలోని బలవంతుని కంటె క్షేమముగా నుండును. పులి ముందుకు దుమికినపుడెల్ల వెనుకకు వచ్చు దారిని చూచుకొనవలెను. ఇవి తెలిసిన పిమ్మట లినోయిని పిరికివాడనుటకు నాలుక తడబడును. అయినను నింద పూర్తిగా పోదు. మరికొంత తెగువతో సెంచూరియను చిక్కియుండునా యను ప్రశ్న మిగిలియే యుండును. లినోయి మాత్రము 1806 మార్చి 13న స్వదేశమునకు మరలుచు అట్లాంటికునందు ప్రబలమగు ఆంగ్లేయ దళమునకు చిక్కెను. మరెంగో వారి వశమయ్యెను.

శత్రువు ఎచ్చటనున్నాడో తెలియకుండుట తెరచాపలతో పోయిన సంగతి గాదు. 1971 డిసెంబరు 3వ తేదీ రాత్రి పాకిస్తాను జలాంతర్గామి గాజీ విశాఖపట్టణము ఎదుట మునిగెను. విక్రాంత్ అను మన విమానవాహక నౌక ఆ రేవుననే యున్నదని శత్రువును నమ్మించిరి. అది అండమాను దీవులకు చేరియుండెను. గాజీ మునుగుటకు కారణమునుగూర్చి ఇరుదేశముల వాదములు వేరైనను, బోర్లించిన బిళ్ల యెంత పనిచేయునో ఈ వృత్తాంతము చెప్పుచున్నది.

ఇక మిక్కిలి ముఖ్యమైన మాట. పలకపై పోయిన బిళ్లను ఆట ముగియగానే మరల పెట్టెలో పెట్టుదుము. సముద్రమున పోయినవాడు తిరిగి రాడు. మన పలకపై జాలరుల తెప్పలకు బిళ్ల లేదు. కంపెనీ ఓడలకు చిరకాలము బట్టలందించిన నేతగాండ్రకు గుణములు లేవు. రెండు పరాయిరాజ్యములు మన తీరమున పోరాడగా ఆ తీరవాసుల నెవరును అడిగినవారు లేరు. యుద్ధక్రీడ సేనాపతి చూపును మనకిచ్చును, అది మంచిదే. కాని ఆ చూపే చాలుననుకొన్నవానికి చరిత్ర సగమే తెలియును. కావున ప్రతి ఆట ముగిసినపిమ్మట రెండు ప్రశ్నలకు సమాధానము వ్రాయుడు: మీరు ఓడిన వంతు ఏది, ఏల? ఈ పలకపై లేనివారెవరు, వారికేమి జరిగియుండును? రెండవ ప్రశ్నకు జవాబు వెదకుటకు పలక చాలదు, గ్రంథాలయమునకు పోవలెను. విద్యార్థులు సెలవులలో విశాఖపట్టణమునకు పోయినచో తీరమున ప్రదర్శనశాలగా నిలిపిన కుర్సురా జలాంతర్గామి లోపలికి పోయి చూడుడు. ఆ యిరుకున మనుష్యులెట్లు బ్రతికిరో యెరిగినవాడు బిళ్లను జరుపునపుడు ఒక్క క్షణమైనను ఆలోచించును. ఆ యాలోచనయే ఈ పాఠమునకు ఫలము.