గరుసు చేను బీడు పెట్టొద్దు – సొంత అడవి చేసుకోండి

అనంతపురం మెట్టలో ఏడాదికి సగటున కురిసే వాన 550 మి.మీ. దాకా ఉంటుంది. అదీ ఒక పదునుకు వస్తే మరో పదునుకు ముఖం చాటేస్తుంది. గుట్ట పక్కన జానెడు మట్టి లేని గరుసు చేలో శెనక్కాయ వేస్తే చాలా ఏళ్లు విత్తనం ఖర్చు కూడా రాదు. అందుకే అలాంటి ఎకరా, రెండెకరాలను కొందరు బీడు పెడుతున్నారు, కొందరు తెగనమ్ముతున్నారు. ఆ చేనును చెట్లకు వదిలితే కరువులో ఆదుకునే ఆస్తి అవుతుంది. పక్క బీడు చౌకగా వస్తే, అప్పు చేయనక్కర లేకుంటే, కొని కలుపుకోవడం కూడా మంచిదే.

కొన్న బీడే అడవైంది

ఇందుకు మన దగ్గరే ఉదాహరణ ఉంది. బాబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం దంపతులు మిత్రులతో కలిసి 1990 ప్రాంతంలో చెన్నేకొత్తపల్లి దగ్గర 32 ఎకరాల బీడు కొన్నారు. (ఆ మండలం 2022 నుంచి శ్రీసత్యసాయి జిల్లాలో ఉంది.) దానికి టింబక్టు అని పేరు పెట్టారు. అక్కడ మొక్కలు నాటడం కన్నా కాపలాయే ఎక్కువ పని చేసింది. నిప్పు పడకుండా, జీవాలు మేయకుండా, గొడ్డలి పడకుండా చూశారు. వాన నీరు పారిపోకుండా ఆపారు. నేలలో మిగిలిన పాత మొదళ్లే చిగురించాయి.

తర్వాత ముష్టికోవిల దగ్గరి గుట్టల మీద ఊళ్లవాళ్లు కల్పవల్లి పేరుతో ఇలాగే అడవిని పెంచారు. కానీ ఆ నేల రెవెన్యూ బంజరు. గాలిమరలకు స్థలం ఇచ్చినప్పుడు గుట్టల మీద రోడ్లు పడ్డాయి, చెట్లు పోయాయి. పెంచినవారి చేతిలో పట్టా లేదు. చెట్టుకు కాపలా ఎంత అవసరమో, నేల మీద హక్కు అంత అవసరం.

చెట్లతో ఏం వస్తుంది?

శెనక్కాయ పైరుకు ఊడలు దిగే సమయంలో వాన లేకపోతే పంట పోయినట్లే. వేప, కానుగ, చింత వేర్లు లోతుకు పోతాయి. నిలదొక్కుకున్నాక ఒక ఏడు వాన తప్పినా తట్టుకుంటాయి.

వేప: వేసవి చివర నుంచి గింజలు ఏరుకోవచ్చు. 5 కిలోల గింజల పొడిని 100 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి వడపోస్తే పురుగుకు కషాయం సిద్ధం.

కానుగ: గింజ నూనెకు, ఆకు పచ్చిరొట్ట ఎరువుకు పనికొస్తాయి.

సీతాఫలం: మేకలు ముట్టవు. మూడు నాలుగేళ్లకు కాపు మొదలవుతుంది.

నల్లతుమ్మ, దిరిసెన: జీవాలకు మేత, ఇంటికి వంటచెరకు, సేద్యానికి కొయ్య.

వీటన్నిటికన్నా ముందు వచ్చేది గడ్డి. కాపలా పెట్టిన మొదటి వానకే కోసుకోవచ్చు. కరువులో మేత లేక ఎద్దులను సంతకు తోలే బాధ కొంతైనా తప్పుతుంది. అయితే మొదటి మూడేళ్లు చేతికి డబ్బు రాదని తెలుసుకోవాలి. అందుకే తిండిగింజలు పండే మంచి చేనును దీనికి పెట్టొద్దు.

కొనే ముందు

అడంగల్, 1బి, ఈసీ చూడాలి. సర్వేయరుతో హద్దులు కొలిపించాలి. రిజర్వు ఫారెస్టు గట్టు ఎక్కడుందో అటవీ శాఖ వాళ్లను అడగాలి. డి-పట్టా భూముల అమ్మకాలకు 1977 చట్టం అడ్డుంది. 2023లో దానికి సవరణ వచ్చినా, తహశీల్దారు కార్యాలయంలో విచారించకుండా బయానా ఇవ్వొద్దు.

టేకు తోటలో వాటా, గంధం చెట్లలో వాటా అంటూ వచ్చేవాళ్లకు డబ్బు కట్టొద్దు. 1990 దశకంలో ఇలా వసూలు చేసిన కంపెనీలు కొన్ని బోర్డు తిప్పేశాయి.

పెంచే పద్ధతి

ఎకరం మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే అది 40 వేల లీటర్ల నీళ్లు. ఆ నీటిని ఆపేందుకు వాలుకు అడ్డంగా కందకాలు తవ్వాలి. అడుగున్నర గుంతలు వేసవిలోనే తీసి, మంచి వాన పడ్డాక నాటాలి. 5 మీటర్ల ఎడంతో ఎకరాకు 160 మొక్కలు పడతాయి. పాత మొదళ్లు ఉంటే తవ్వేయకుండా, ఒక్కోదానికి ఒకటి రెండు బలమైన కొమ్మలు మాత్రమే ఉంచాలి. సంక్రాంతి దాటగానే చేను చుట్టూ 3 మీటర్ల మేర గడ్డి చెక్కేస్తే నిప్పు లోపలికి రాదు.

నాటిన చెట్లను అడంగల్‌లో రాయించుకోవాలి. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం సొంత చేలో చెట్టు కొట్టాలన్నా అనుమతి కావాలి, కొన్ని జాతులకే మినహాయింపు. ఎర్రచందనం, శ్రీగంధం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఏ మొక్క నాటాలో తేల్చుకోకముందే ఈ సంగతి రేంజి ఆఫీసులో అడగాలి.

రెండెకరాలున్న రైతు అర ఎకరాతో మొదలుపెట్టినా చాలు. ఈ వేసవిలో చేయాల్సింది రెండే పనులు: హద్దు తేల్చుకోవడం, కందకం తవ్వుకోవడం.